పాతబండికి చేతిగేర్లు పెట్టించవలెనా?

ఇంటిలోని పాతసామానులలో మోటారుబండివలె మనస్సును కలతపెట్టునది వేరొకటి లేదు. కుట్టుమిషను చెడినచో మూలనుంచవచ్చును. రోలు పగిలినచో తులసికోట ప్రక్కన పడియుండును. మోటారుబండి చెడినచో అట్లు గాదు. అది వాకిట నిలిచి, వచ్చిపోవు వారందరిచేత ప్రశ్నింపబడుచు, ఇంటివారిని దినదినము వేధించుచుండును.

మేడ్చలులో మా అన్నగారి యింట గడచిన శీతకాలమున పుట్టిన యొక చర్చ మా పాఠకురాండ్రలో పలువురకు ఉపయోగపడునని తలంచి యిట వ్రాయుచున్నాము. విషయము చూచుటకు చిన్నది. తనంతట తాను గేర్లు మార్చుకొను పాతబండిలో ఆ గేర్లపెట్టె చెడినది. దానిని బాగుచేయించవలెనా? లేక తీసివైచి, చేతితో మార్చు మామూలు గేర్లను పెట్టించవలెనా? చర్చ నడచినకొలది అందు డబ్బును గూర్చిన ప్రశ్న యొకటి, చట్టమును గూర్చిన ప్రశ్న యొకటి, అన్నిటిని మించి ఆ బండిని నడపువా రెవరను ప్రశ్న యొకటి బయటపడినవి.

మేడ్చలు, శామీర్‌పేటలు ఇరుగుపొరుగు ఊళ్లే యైనను హైదరాబాదునుండి ఉత్తరమునకు చీలిపోవు రెండు వేఱువేఱు రహదారులపై నున్నవి. మేడ్చలు నాగపురమునకు పోవు 44వ జాతీయ రహదారిపైని, శామీర్‌పేట కరీంనగరమునకు పోవు రాజీవ్ రహదారిపైని గలవు. నగరమునకు పోవుటకు రెండు ఊళ్లవారికిని బస్సులు గలవు. ఒక ఊరినుండి రెండవదానికి అడ్డముగా పోవలసిన వారికే చిక్కు. అట్టివారు బాహ్యవలయ రహదారి నెక్కవలెను, లేదా లోపలి ఊళ్ల దారిని పట్టవలెను. మా వదినగారు శామీర్‌పేట ప్రాంతమున నొక పాఠశాలలో ఉపాధ్యాయిని. నాలుగేండ్ల క్రిందట వారి యెడమమోకాలికి శస్త్రచికిత్స జరిగి కృత్రిమపు కీలు అమర్చబడినది. ఆటోరిక్షా యెక్కుట దిగుట, బస్సుమెట్టు నందుకొనుట వారికి కష్టము. వారి కొలువు నిలిచినది ఆ పాతబండివలననే యనిన అతిశయోక్తి గాదు. అది 2007లో కొన్న బండి. దానిలో క్లచ్చి లేదు. ఎడమకాలికి పని లేదు. కుడికాలొక్కటే ఒకసారి వేగమునకు, ఒకసారి బ్రేకునకు పోవుచుండును.

ఒక సాయంకాలము బడినుండి తిరిగివచ్చుచుండగా, బాహ్యవలయ రహదారి ప్రక్క దారిలో యింజను బిగ్గరగా అరచినదేకాని బండి ముందునకు సాగలేదు. కొంతసేపు ఆపి, చల్లారనిచ్చి, మరల నడపగా నెమ్మదిగా కదలినది. ఆ పైదారిపై గంటకు 120 కిలోమీటర్లవరకు వేగము అనుమతింపబడుచున్నది. అట్టిచోట లారీల నడుమ బండి బలము తప్పినచో ఏమి జరుగునో తలంచుకొని వదినగారు పదిదినములు బడికి సెలవు పెట్టిరి.

రహదారి ప్రక్కనున్న యొక షెడ్డులోని మిస్త్రీ బండిని చూచి, అయిదు నిమిషములలో తీర్పు చెప్పెను. "అమ్మా, ఈ డబ్బా ఖతమైంది. కొత్తది దొరకదు, దొరికినా మీకు గిట్టదు. మామూలు గేర్లు ఏసి ఇస్త. ఇంకా పదేండ్లు ఫికర్ లేకుండ నడుపుకోండ్రి" అనెను. అన్నగారికి ఈ మాట నచ్చినది. ఆయన చిన్ననాట మా తండ్రిగారి అంబాసిడరు బండికి స్టీరింగు ప్రక్కనున్న గేర్లకఱ్ఱను తీయించి నేలపై పెట్టించుట చూచియున్నారు. ఆ కాలమున అనేకులు అట్లు చేయించిరి. అది ఒకటి రెండు దినముల పని. ఇదియును అట్టిదే యని ఆయన భావము. ఇక్కడనే పొరబాటు గలదు. అంబాసిడరులో మారినది గేర్లను కదపు కఱ్ఱ యుండు చోటు మాత్రమే. గేర్లు మొదటినుండియు చేతిగేర్లే, క్లచ్చి మొదటినుండియు కాలిక్రిందిదే. ఇక్కడ మార్పబూనినది బండి స్వభావమునే.

ఆ స్వభావమేమో కొంచెము తెలిసికొనినగాని మిస్త్రీతో మాటలాడుట సాధ్యము గాదు. ఇవి మగవారి సంగతులని పుట త్రిప్పివేయవలదని మా మనవి. బిల్లు చెల్లించునప్పుడు ఈ భేదమును ఎవరును పాటింపరు.

యింజను తిరుగుచున్నంతకాలము ఒక కనీసపు వేగముతో తిరుగవలెను. చక్రములో, ఆగవలసిన చోట ఆగవలెను. ఈ రెంటిని ఒకదానితో నొకటి గట్టిగా బిగించినచో బండి ఆగినప్పుడెల్ల యింజనును ఆగిపోవును. కావున నడుమ విడదీయు సాధన మొకటి కావలెను. చేతిగేర్ల బండిలో క్లచ్చి అనునది అదియే. యింజను తిప్పు ఇనుపచక్రమునకు ఒక పలక ఒత్తుకొనియుండును. కాలితో త్రొక్కినప్పుడు ఆ పలక విడివడును. అప్పుడు గేరు మార్చి, కాలు మెల్లగా తీసినచో మరల అంటుకొనును. గేర్ల పని బలమును, వేగమును ఒకదానికొకటి మార్చుట. ఎత్తెక్కునప్పుడు బలము హెచ్చు, వేగము తక్కువ కావలెను. చదునునేలపై దీనికి తారుమారు.

తనంతట తాను గేర్లు మార్చుకొను బండిలో ఈ పలకకు బదులుగా చమురుతో నిండిన యొక గుండ్రని పెట్టె యుండును. రెండు బల్లపంకాలను ఎదురెదురుగా నుంచి ఒకదానిని మాత్రమే విద్యుత్తుతో త్రిప్పినచో, దాని గాలికి రెండవదియును మెల్లగా తిరుగుట మీరు చూచియుందురు. గాలికి మారుగా చమురు, పంకారెక్కలకు మారుగా లోహపు రెక్కలు. యింజను ఒక రెక్కలచక్రమును త్రిప్పును. చమురు దాని వేగమును రెండవ చక్రమునకు చేర్చును. బ్రేకు త్రొక్కి బండిని ఆపినప్పుడు చమురు ఊరక సుడి తిరుగుచుండును, యింజను ఆగదు. దాని వెనుకనున్న గేర్లను ఏ సమయమున ఏది పట్టవలెనో చమురు ఒత్తిడియు, దానిని నడపు విద్యుత్ కవాటములును నిర్ణయించును. మా వదినగారి బండి ఈ జాతిది. రెండు శంకువులవంటి కప్పీల నడుమ ఉక్కుపట్టీ జారుచు, మెట్లు లేకుండ గేరు మారు జాతి యింకొకటి గలదు. ఏ జాతియైనను దాని ప్రాణము చమురే. ఆ చమురు తగ్గినను, మాడినను, వేడెక్కినను బండి జారును.

గేర్ల చరిత్రలో ఒక స్త్రీ మాట గలదు. దానిని ఇట చెప్పక ముందునకు పోలేము. జర్మనీదేశమున కార్ల్ బెంజ్ నిర్మించిన మూడుచక్రముల బండిని ఆయన భార్య బెర్తా బెంజ్ 1888 ఆగస్టులో భర్తతో చెప్పకయే తీసికొని, ఇద్దరు కుమారులతో మాన్‌హైము నగరమునుండి తన పుట్టినింటివారున్న ఫోర్‌ట్‌సైమునకు, నూరు కిలోమీటర్లకు పైబడిన దూరము, ప్రయాణము చేసెను. దారిలో నూనె గొట్టము పూడుకొనగా టోపీసూదితో దానిని శుభ్రపఱచెను. ఇంధనమును ఒక మందులఅంగడిలో కొనెను. బ్రేకు చెక్కలు అరగగా చెప్పులుకుట్టువానిచే వానికి తోలు కొట్టించెను. కొండదారులలో మాత్రము ఆ బండికి బలము చాలలేదు. దానికున్న రెండు గేర్లును ఎత్తులకు పనికిరాక బండిని వెనుకనుండి త్రోయవలసివచ్చెను. ఇల్లు చేరిన పిమ్మట ఎత్తులెక్కుటకు ఇంకొక గేరు కావలెనని ఆమె చెప్పగా భర్త దానిని చేర్చెను. బండిని చేసినవానికి తట్టని లోపము నడపినదానికి తట్టినదన్నమాట!

ఆ తరువాతి మార్పులును చాలవఱకు నడపువారి శ్రమను తగ్గించుటకే వచ్చినవి. 1912లో కాడిలాకు బండ్లకు విద్యుత్తుతో యింజనును లేపు సాధనము వచ్చినది. అంతకుమున్ను ముందువైపున ఇనుపకఱ్ఱ పెట్టి త్రిప్పవలసియుండెను, చేయి విరిగినవారును గలరు. 1928లో మరల కాడిలాకులోనే గేరుపళ్లు గీచుకొనకుండ కలియు ఏర్పాటు వచ్చినది. అది రాకపూర్వము గేరొకటి మార్చుటకు క్లచ్చిని రెండుమార్లు త్రొక్కవలెను, ఆ నేర్పు లేనిచో గేర్లు పండ్లు కొఱికిన చప్పుడు చేయును. నిజాముప్రభుత్వపు రైల్వేవారు 1932 జూనులో 27 బస్సులతో మన ప్రాంతమున బస్సు సౌకర్యమును ఆరంభించిరి. ఆ కాలపు డ్రైవరుల కాళ్లు ఎంత గట్టివో ఊహింపవచ్చును. 1939లో అమెరికాలో ఓల్డ్స్‌మొబీలు బండ్లకు హైడ్రామాటిక్ అను తనంతట తాను మారు గేర్లపెట్టె వచ్చినది. మన దేశమున ఈ సౌకర్యము చిరకాలము ధనికుల బండ్లకే పరిమితమై, 2014లో మారుతి వారి సెలెరియోతో చిన్నబండ్లకును దిగివచ్చినది. ఈ చివరిదానిలో గేర్లు మామూలువే. క్లచ్చి త్రొక్కు పనిని, గేరు మార్చు పనిని మనకు బదులుగా చిన్న యంత్రములు చేయును.

నూరేండ్లకు పైగా లోకము ఏ దిక్కునకు నడచినదో, మిస్త్రీ మమ్ము దానికి ఎదురుదిక్కునకు నడువుమనుచున్నాడు. అది తప్పని మేము వెంటనే చెప్పము. చేతిగేర్లకు గుణములు గలవు. వాని నిర్మాణము సరళము. ఊరూర బాగుచేయువారు గలరు. క్లచ్చిపలక అరగినచో మార్చుకొనవచ్చును, గేర్లపెట్టె మొత్తము పోవుట అరుదు. బ్యాటరీ చచ్చినప్పుడు నలుగురు త్రోసిన బండి లేచును. కాని కొత్తబండిని చేతిగేర్లతో కొనుట వేరు, ఉన్నబండిని చేతిగేర్లకు మార్చుట వేరు.

ఆ మార్పునకు ఏమేమి కావలెనో మేము ఒక కాగితముపై వ్రాయించితిమి. ఇట్లు వ్రాయించుటయే చర్చలో మొదటి మలుపు. మిస్త్రీ మొదట చెప్పినది రెండే వస్తువులు: గేర్లపెట్టె, క్లచ్చి. ప్రశ్నించినకొలది పట్టిక పెరిగినది. యింజను వెనుకనున్న పలుచని పళ్లెమును తీసి బరువైన చక్రమును బిగింపవలెను. క్లచ్చిపలక, దానిని ఒత్తు మూత, విడదీయు బేరింగు కావలెను. కాలిక్రింద రెండు మెట్లకు బదులు మూడు మెట్లుండవలెను గనుక వెడల్పాటి బ్రేకుమెట్టును తీసి సన్ననిదానిని పెట్టవలెను. క్లచ్చి ఒత్తిడిని చేర్చు తీగయో, చమురుగొట్టమో కావలెను. గేర్లకఱ్ఱయు దాని తీగలును కావలెను. గేర్లపెట్టె కొలత మారుటచే దానిని మోయు రబ్బరుదిమ్మెలును, చక్రములకు పోవు ఇరుసులును పలుబండ్లలో మార్పవలసి వచ్చును. పాతపెట్టె చమురు చల్లబఱచుటకు రేడియేటరునకు పోవు గొట్టములను మూయవలెను. వెనుకకు పోవునప్పుడు వెలుగు దీపమునకు మరల తీగ కలుపవలెను.

వీనిలో కంటికి కనబడని చిక్కొకటి గలదు. ఈ కాలపు బండిలో యింజనును నడపు చిన్న గణనయంత్ర ముండును. గేర్లపెట్టె ఏ స్థితిలో నున్నదో అది నిమిషనిమిషము విచారించుచుండును. పెట్టె మాయమైనచో జవాబు రాక, హెచ్చరికదీపము వెలిగించి, కొన్ని బండ్లలో యింజను బలమునే తగ్గించివేయును. కావున చేతిగేర్ల నమూనాబండి యొక్క గణనయంత్రమును, తీగలను కూడ తెచ్చుట మేలు. అట్లు చేయక తీగలను ముడివేసి సరిపెట్టు మిస్త్రీలు గలరు. ఇందొక అపాయమును ప్రత్యేకముగా చెప్పవలెను. పాతఏర్పాటులో గేరు 'పార్కు'లోనో 'న్యూట్రల్' లోనో ఉన్నగాని యింజను లేవదు. ఆ కాపుదలను తీగముడితో తప్పించి, క్లచ్చిమెట్టువద్ద దానికి బదులు పెట్టకపోయినచో, గేరులోనున్న బండి తాళము త్రిప్పగనే ముందునకు దుముకును. వాకిట పిల్లలాడుకొను ఇండ్లలో ఇది ఎట్టిదో వేరుగా చెప్పనక్కఱలేదు.

పట్టిక పూర్తియైన పిమ్మట మిస్త్రీ చెప్పిన వెల, ఆ బండిని ఉన్నదున్నట్లు అమ్మిన వచ్చు ధరలో సగమునకు మించినది. విడిభాగములు తుక్కుబండ్లనుండి తెచ్చునవే. వానికి పూచీ యెంత యని అడుగగా, "నా మాటే గ్యారంటీ అమ్మా" అనెను. మనిషి మంచివాడే. అయినను మాటను షెడ్డు గోడకు వ్రేలాడదీయలేము గదా!

ఇక చట్టము. 1988 నాటి మోటారువాహనముల చట్టములో 52వ సెక్షను బండి మార్పులను గూర్చినది. తయారుచేసినవారు నిర్ణయించినట్లుగా రిజిస్ట్రేషను పత్రమున నమోదైన వివరములకు భిన్నముగునట్లు యజమాని బండిని మార్పరాదని దాని సారము. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళనుండి వచ్చిన వ్యాజ్యమున ఈ నిబంధనను గట్టిగానే అన్వయించినది. అదే సంవత్సరపు సవరణచట్టము అనుమతిలేని మార్పు ఒక్కొక్కటికి 5,000 రూపాయల జరిమానాగాని, ఆరుమాసములవఱకు ఖైదుగాని, రెండునుగాని విధింపవచ్చునని చేర్చినది. గేర్లపెట్టె రకము పత్రములలో సాధారణముగా ప్రత్యేకముగా నుండదు. యింజను సంఖ్య, చట్రపు సంఖ్య, రంగు, సీట్లు, బరువు మొదలైనవి యుండును. కాని బండి నమూనాపేరులోనే అది తనంతట తాను గేర్లు మార్చుకొను జాతియని తెలియుచున్నచో సంగతి వేరు. మా వదినగారి పత్రమున నమూనాపేరు చివర ఆ రెండక్షరములు నున్నవి. కావున రవాణా కార్యాలయమున వ్రాతపూర్వకముగా అడుగక ఒక్క మేకునైనను కదపరాదని మా అభిప్రాయము. భీమా సంస్థకును తెలుపవలెను. చెప్పకుండ మార్చిన బండికి ప్రమాదము జరిగినచో పరిహారమును గూర్చి వివాదము పుట్టును.

అంగవైకల్యముగల వారికొఱకు బండిని అనుకూలపఱచుకొనుటకు ఆ 2019 సవరణయే ప్రత్యేకముగా వీలు కల్పించినది. మార్చిన పిమ్మట రవాణా అధికారి ఆమోదము పొందవచ్చును. చట్టము కాలునొప్పిగలవారికి బండిని సులభపఱచుకొమ్మనుచుండగా, మేము కాలునొప్పిగలవారి బండిని కష్టపఱచుటకు తర్కించుచుంటిమి!

వయస్సు లెక్క కూడ చూడవలెను. స్వంతబండికి రిజిస్ట్రేషను పదునైదేండ్లు. పిమ్మట పరీక్షింపించి అయిదేసి యేండ్లకు పొడిగించుకొనవలెను. 2022 ఏప్రిలునుండి కారు పొడిగింపు రుసుము 600 రూపాయలనుండి 5,000 రూపాయలకు పెరిగినది. దానిపై హరితపన్ను వేరు. మా వదినగారి బండికి 2022లో పొడిగించిన గడువు 2027లో తీరును. మిస్త్రీ చెప్పిన పదేండ్లు ఎక్కడివి? బండి వయస్సు పెరిగినకొలది పరీక్షయు, రుసుమును వచ్చుచునే యుండును. ఖర్చును ఈ యేండ్లకు పంచిచూచినగాని దాని బరువు తెలియదు.

ఇంత జరిగినను ఇంటిలో అభిప్రాయము తేలలేదు. అన్నగారు మార్పునకే మ్రొగ్గిరి. అత్తగారు బండినే అమ్మివేయుమనిరి. అందఱును మాటలాడిన పిమ్మట వదినగారు, "బండి పదేండ్లు నడుచునట. దానిని నడపుటకు నా కాలును పదేండ్లు నడువవలెను గదా! దానిని ఎవరును అడుగలేదు" అనిరి. అందఱము కొంచెము సిగ్గుపడితిమి.

కాలిని అడుగుట ఎట్లు? బంధువుల చేతిగేర్ల కారును వారము దినములు అడిగి తెచ్చితిమి. వైద్యుని అనుమతి తీసికొనిరి. మొదట ఆపియున్న బండిలో క్లచ్చిని త్రొక్కి చూచిరి, నొప్పి లేదు. రెండవనాడు ఉదయము ఖాళీదారిని శామీర్‌పేట చెఱువువఱకు పోయివచ్చిరి, అప్పుడును బాగుగనే యున్నది. అన్నగారి ముఖము వికసించినది. మూడవనాటి సాయంకాలము సుచిత్రనుండి కొంపల్లిమీదుగా మేడ్చలునకు వచ్చితిమి. ఆ దారి ఎరిగినవారికి వర్ణన అక్కఱలేదు. బండ్లు పది అడుగులు కదలును, ఆగును, మరల పది అడుగులు. క్లచ్చి త్రొక్కినప్పుడెల్ల మేము ప్రక్కన కూర్చుండి లెక్కించితిమి. నూఱు దాటునప్పటికి కండ్లకోయ రాలేదు, లెక్క మానితిమి. ఆ రాత్రి వదినగారి మోకాలు వాచినది. రెండుదినములు మెట్లు దిగలేకపోయిరి.

ఈ పరీక్ష చేయక నిర్ణయింపరాదని మా గట్టి అభిప్రాయము. ఖాళీదారిలో ఒక్క గంట నడపిచూచిన వారు తప్పక పొరపడుదురు. బండి ఏ దారిలో, ఏ వేళ, ఎవరి కాలితో నడువవలసియున్నదో ఆ దారిలో, ఆ వేళ, ఆ కాలితోనే చూడవలెను.

లైసెన్సు విషయము ఒకటి చెప్పి ముందునకు పోదుము. ఇంగ్లండులో తనంతట తాను గేర్లు మార్చుకొను బండిపై పరీక్ష నెగ్గినవారు చేతిగేర్ల బండిని నడపరాదు. మన దేశపు చట్టము ద్విచక్రములలో గేరుగలవానిని, లేనివానిని విడదీసినదిగాని కార్లలో అట్లు విడదీయలేదు. కాగితముపై వదినగారికి రెండును నడపు అర్హత గలదు. కాగితమునకు మోకాలు లేదు.

అప్పుడు మొదట చేయవలసినపనిని చివరకు చేసితిమి. ఇటువంటి గేర్లపెట్టెలనే బాగుచేయు ఇంకొక పనివాడు శామీర్‌పేటవైపు గలడని విని, బండిని లారీపై ఎక్కించి పంపితిమి. నడుపుకొనిపోవలదని అతడే చెప్పెను, జారుచున్న పెట్టెను నడపినకొలది లోపలి పలకలు కాలునట. అతడు గేర్లపెట్టెను విప్పకమునుపు చమురు చూచెను. కొత్తచమురు ఎఱ్ఱగా, తేటగా నుండును. మా బండి చమురు కాఫీకషాయమువలె నల్లబడి, మాడువాసన వేయుచుండెను. అదియును కొలతకు చాల తక్కువ. చల్లబఱచు గొట్టమొకటి అంచున చిట్లి, కనబడనంత సన్నగా కారుచున్నది. గణనయంత్రమునకు పరికరము తగిలించి చదువగా ఒక కవాటము సరిగా పనిచేయుట లేదని తెలిసినది. ఆ పదునెనిమిదేండ్లలో గేర్లచమురు ఎన్నిమార్లు మార్చిరని అతడు అడుగగా అన్నగారు యింజనుచమురు లెక్క చెప్పిరి. రెండును ఒకటే యనుకొన్న ఇండ్లు మాది ఒకటే కాదని అతని నవ్వునుబట్టి తెలిసినది.

గొట్టము, కవాటము, వడపోతజల్లెడ మార్చి, తయారీదారులు చెప్పిన జాతి చమురే పోసి చూతుమనియు, లోపలి పలకలు అప్పటికే కాలియున్నచో అంతమాత్రమున బాగుపడదనియు అతడు ముందే చెప్పెను. ఖర్చు, చేతిగేర్ల మార్పునకు అడిగినదానిలో మూడవవంతునకు లోపుగనే యున్నది. వదినగారు ఒక హద్దు పెట్టిరి. ఈ ఖర్చువఱకు తమ జీతమునుండి ఇత్తురు. దీనితో బాగుకానిచో పెట్టెను విప్పించుట లేదు, బండిని అమ్మి, క్లచ్చిమెట్టులేని చిన్నబండి నొకదానిని పాతదే కొందురు.

చేతిగేర్లకు మార్చుట ఎవరికిని తగదని మేము వ్రాయుచున్నట్లు భావింపవలదు. అదే నమూనాకు చెందిన చేతిగేర్ల బండి ప్రమాదములో పాడై, దాని సామాను మొత్తము ఒక్కచోట దొరికి, ఆ నమూనాను మున్ను మార్చినవాడు పనివాడై, రవాణా కార్యాలయము సమ్మతించి, నడపువారికి చేతిగేర్లయందు ప్రీతి యున్నచో నిక్షేపముగా చేయించుకొనవచ్చును. తీసిన పాతభాగములను మాత్రము ఇంటికి తెచ్చుకొనవలెను. కబాడీకి వానిధర వానికున్నది, షెడ్డులో వదలివచ్చినచో ఆ సొమ్ము మనది గాదు.

మా యింటి బండి సంగతి. అది పదుమూడుదినములు పనివాని వద్ద నుండి తిరిగివచ్చినది. చలిలో బాగుగ నడచుచున్నది. ఎండాకాలపు మధ్యాహ్నమున, వంతెన యెత్తు లెక్కునప్పుడు రెండవ గేరునుండి మూడవదానికి మారుటలో ఇప్పటికిని ఒక తడబాటు గలదు. లోపలి పలకలు కొంత కాలియే యున్నవని పనివాని అభిప్రాయము. వదినగారు బాహ్యవలయ రహదారిని మాని లోపలిదారిని పోవుచున్నారు, పావుగంట ఎక్కువ పట్టును. నెలకొకసారి బండిక్రింద పాతపత్రికను పఱచి, తెల్లవాఱి దానిపై ఎఱ్ఱచుక్క యున్నదేమో చూచుచున్నారు. 2027లో గడువు తీఱునప్పుడు బండిని మరల పొడిగించుట లేదని ఇంటిలో అందఱును ఒప్పుకొన్నారు. అన్నగారు మాత్రము అప్పటికి అదే నమూనా చేతిగేర్ల బండి యొకటి ఎక్కడనైనను దొరకునేమోయని తుక్కుబండ్ల షెడ్లను ఇంకను విచారించుచునే యున్నారు.